గాలి లేని నాటి కెరటము

(ధ్యాన భాగములు: అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము; లూకా 13:1-5)



గాలి ఉంటేనే కెరటము లేస్తుందని మనము అనుకుంటాము. చెరువు గట్టున నిలబడిన పసివాడు కూడా అదే చెబుతాడు. గాలి వీస్తే నీరు కదులుతుంది, గాలి ఆగితే నీరు నిద్రపోతుంది. చెరువు విషయములో ఇది నిజమే. సముద్రము విషయములో ఇది సగము నిజము మాత్రమే. మిగిలిన సగము తెలియక కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అలా ప్రాణము పోయిన ఇళ్ళ మీద అనవసరమైన నిందలు కూడా పడ్డాయి. అందుకే ఆ మిగిలిన సగమును గురించి ఈ నెల నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

2024 జూలై, ఆగస్టు నెలలలో పారిస్ నగరములో ఒలింపిక్ ఆటలు జరిగాయి గదా. వాటిలో కెరటము మీద పలకపై నిలబడి జారే పోటీ ఒకటి ఉంది. దానిని సర్ఫింగ్ అంటారు. మంచి కెరటము కావాలని ఆ ఒక్క పోటీని మాత్రము పారిస్‌కు సుమారు 15,700 కిలోమీటర్ల దూరములో, పసిఫిక్ మహాసముద్రము నడుమ, ఫ్రాన్సు పాలనలో ఉన్న తహీతి ద్వీపములో పెట్టారు. ఒక సాయంత్రము కూటము ముగిశాక మా సంఘ యౌవనస్థులు ఫోనులో ఆ దృశ్యాలు చూస్తూ నన్ను పిలిచారు.

"అయ్యగారూ, ఆకాశము చూడండి, మబ్బు తునక లేదు. కొబ్బరాకు కూడా కదలడము లేదు. మరి ఆ కెరటము ఇల్లంత ఎత్తు లేస్తోంది. ఎలాగండి?" అని అడిగారు.

మాది సముద్రతీరపు సంఘము. ఆ పిల్లలలో సగము మంది వేటకు వెళ్ళే ఇళ్ళ పిల్లలే. వాళ్ళు అడిగినది ఆట గురించి కాదని నాకు తెలుసు. అదే ప్రశ్నను అంతకు ముందు ఒక దుఃఖపు ఇంట్లో కూడా విన్నాను. ఆ సంగతి తరువాత చెబుతాను. ముందుగా ఆ ద్వీపము గురించి, ఆ కెరటము గురించి తెలుసుకుందాము.

మనకు చుట్టరికమున్న ద్వీపము

భూమధ్యరేఖకు ఉత్తరముగా మన విశాఖపట్నము ఎంత దూరములో ఉన్నదో, దక్షిణముగా తహీతి ఇంచుమించు అంతే దూరములో ఉన్నది. ఎండ, కొబ్బరిచెట్లు, అరటి, పనస జాతి చెట్లు అన్నీ మనకు తెలిసినవే. ఇంకొక చుట్టరికము కూడా ఉంది. లండన్ మిషనెరీ సొసైటీ తన మొదటి మిషనెరీలను 'డఫ్' అనే ఓడలో పంపినది ఆ ద్వీపములకే. ఆ ఓడ 1797 మార్చిలో తహీతి చేరింది. అదే సొసైటీ 1805లో మన విశాఖపట్నమునకు మిషనెరీలను పంపింది. ఆ విధముగా చూస్తే తహీతి సంఘము మనకు అక్క వంటిది.

ఆ ఓడలో దిగినవారిలో హెన్రీ నాట్ అనే ఆయన ఇటుక పని చేసుకొనే మనిషి. చాలా ఏళ్ళు అక్కడ ఫలితమేమీ కనబడలేదు. తోటివారు అనేకులు వెళ్ళిపోయారు. ఆయన మాత్రము నిలిచాడు. 1819లో అక్కడి రాజు రెండవ పొమారే బాప్తిస్మము పొందాడు. నాట్ పాల్గొన్న తహీతి భాషలోని పూర్తి బైబిలు 1838లో అచ్చయింది. అంటే ఓడ దిగిన నాటికీ గ్రంథము చేతికి వచ్చిన నాటికీ మధ్య 41 ఏళ్ళు. నేటికీ మార్చి 5వ తేదీ సువార్త వచ్చిన దినముగా అక్కడ సెలవు దినము.

పగడపు దిబ్బ

తహీతి రెండు అగ్నిపర్వతములు కలిసి ఏర్పడిన ద్వీపము. చిన్న భాగపు నైరుతి తీరములో, రోడ్డు ఆగిపోయే చోట, తెయాహుపోఓ అనే పల్లె ఉంది. పల్లె ముందు లోపలి నీరు మన చెరువులా నిలకడగా ఉంటుంది. ఆ నీటికి అవతల పగడపు దిబ్బ గోడలా అడ్డముగా ఉంటుంది. పగడము రాయిలా కనబడుతుంది గాని అది జీవమున్నది. అతి చిన్న ప్రాణులు తరతరాలుగా కట్టుకొన్న కట్టడము.

ఆ గోడలో ఒకచోట గండి ఉంది. పడవలు అక్కడనుండే రాకపోకలు చేస్తాయి. ఆ గండి ఎలా పడిందో తెలుసా? కొండల నుండి దిగే ఏటి మంచినీరు అక్కడ సముద్రములో కలుస్తుంది. మంచినీరు తగిలిన చోట పగడము సరిగా పెరగదు. కాబట్టి ఏరు పోయే దారిలో గోడ మూసుకొనలేదు.

ఆ గండి ప్రక్కనే ప్రసిద్ధికెక్కిన కెరటము విరుగుతుంది. దిబ్బ అంచు దాటగానే సముద్రపు అడుగు నిటారుగా లోతుకు పడిపోతుంది. మన తీరములో అడుగు కొంచెము కొంచెముగా మెరక అవుతుంది గనుక కెరటము దూరము నుండే అడుగు తగిలి అలసిపోతూ వస్తుంది. అక్కడ అలా కాదు. లోతైన నీటిలో పూర్తి బలముతో వచ్చిన కెరటము ఒక్కసారిగా దిబ్బను కొట్టుకుంటుంది. ముందు భాగము ఆగుతుంది, వెనుక భాగము దాని మీదికి దూకుతుంది. ఆ నీటి గోడ క్రింద పగడము కొన్ని చోట్ల నడుము లోతులో కూడా ఉండదు. పడినవాడు పడేది నీటి మీద కాదు, కత్తుల వంటి పగడము మీద. అందుచేత ఆ ఊరివారు కెరటము వచ్చిన తరువాత చూద్దామని కూర్చోరు. అది రాకముందే దానిని గూర్చి విచారిస్తారు.

నాలుగు రోజుల ప్రయాణము

మరి ఆ కెరటము ఎక్కడ పుట్టింది? తహీతిలో కాదు. అక్కడికి కొన్ని వేల కిలోమీటర్ల దక్షిణముగా, న్యూజిలాండ్‌కు క్రిందుగా, అంటార్కిటికా మంచు ఖండమును చుట్టి ఉన్న సముద్రములో పుట్టింది. అక్కడ గాలిని అడ్డగించే నేల లేదు. తుపానులు ఒకదాని వెనుక ఒకటి పడమటి నుండి తూర్పునకు తిరుగుతూనే ఉంటాయి. ఆ గాలులు రోజుల తరబడి నీటిని తోస్తే పెద్ద కెరటాలు పుడతాయి. తుపాను అక్కడే ఆరిపోవచ్చు. కెరటాలు మాత్రము దానిని విడిచి ఉత్తరమునకు బయలుదేరుతాయి. ఇంగ్లీషువారు వీటిని స్వెల్ అంటారు. మనము దూరపు కెరటము అందాము.

ఇక్కడ ఒక విశేషము గమనించాలి. ప్రయాణము చేసేది నీరు కాదు. చెరువులో రాయి వేసి చూడండి. ఉంగరాలు గట్టు దాకా వస్తాయి గాని నీటి మీద ఉన్న గడ్డిపరక ఉన్నచోటనే లేచి దిగుతుంది. అలాగే నీరు తన చోటనే ఉంటుంది, బలము చేతులు మారుతూ సాగిపోతుంది.

ఒక శిఖరము దాటిన తరువాత రెండవ శిఖరము రావడానికి పట్టే సెకండ్లను బట్టి దాని వేగము ఉంటుంది. లోతు సముద్రములో 17 సెకండ్ల కెరటాల గుంపు గంటకు సుమారు 48 కిలోమీటర్ల చొప్పున, అంటే రోజుకు ఇంచుమించు 1,150 కిలోమీటర్లు నడుస్తుంది. 12 సెకండ్ల గుంపు రోజుకు 800 కిలోమీటర్లే నడుస్తుంది. తుపాను 4,600 కిలోమీటర్ల దూరములో ఉంటే మొదటిది నాలుగు రోజులకు చేరుతుంది, రెండవది ఆరవ రోజుకు గాని రాదు. అందుచేత ముందు వచ్చేవి ఎడము ఎక్కువగా ఉన్న నిదానపు కెరటాలు. అవి తక్కువ ఎత్తుతో ఉండి, చూచేవానికి ఏమంత భయము పుట్టించవు. కాని అవే ముందు నడిచే దూతలు.

వాల్టర్ మంక్ అనే సముద్ర శాస్త్రజ్ఞుడు ఈ సంగతిని ఎంతో ఓపికతో కనుగొన్నాడు. రెండవ ప్రపంచ యుద్ధములో సైన్యము ఒడ్డుకు దిగే దినమున కెరటాలు ఎలా ఉంటాయో ముందుగా లెక్క కట్టే పద్ధతిని తయారుచేసినవారిలో ఆయన ఒకడు. 1963లో ఆయన, ఆయన తోటివారు న్యూజిలాండ్ నుండి అలాస్కా వరకు వరుసగా కొలిచే స్థలాలు పెట్టి, దక్షిణపు తుపానుల కెరటాలను వెంబడించారు. ఆ కెరటాలు పది వేల కిలోమీటర్లకు పైగా నడిచి, ఉత్తరాన ఉన్న మంచు దేశపు ఒడ్డును తాకాయి. తుపాను ప్రాంతమును దాటిన తరువాత దారిలో వాటి బలము చాలా కొద్దిగానే తగ్గిందని తేలింది. ఆయన 2019లో, నూరేళ్ళు దాటిన వయసులో మరణించాడు.

కెరటమును చదవడము

ఏప్రిల్ నుండి అక్టోబరు వరకు దక్షిణార్ధములో చలికాలము. తెయాహుపోఓకు పెద్ద కెరటాలు వచ్చేది అప్పుడే. ఆ దినాలలో అక్కడివారు ఐదు సంగతులు విచారిస్తారు: కెరటము ఎత్తు ఎంత, శిఖరానికీ శిఖరానికీ మధ్య ఎన్ని సెకండ్లు, ఏ దిక్కు నుండి వస్తోంది, ఊరి గాలి ఎలా ఉంది, పోటు ఎప్పుడు.

వీటిలో మనవారు లెక్కపెట్టనిది సెకండ్ల సంగతి. రెండు మీటర్ల కెరటము తొమ్మిది సెకండ్లదైతే ఒక రకము, పదిహేడు సెకండ్లదైతే వేరే రకము. ఎత్తు ఒకటే అయినా రెండవ దాని బలము దాదాపు రెట్టింపు. అది మెరక తగిలినప్పుడు ఇంకా ఎత్తు లేస్తుంది. దిక్కు కూడా ముఖ్యమే. నైరుతి నుండి వచ్చేది దిబ్బకు ఎదురుగా తగులుతుంది. ఉదయము కొండల మీదుగా దిగే మెత్తని గాలి కెరటము ముఖమును నిలబెడుతుంది. ఆగ్నేయపు గాలి బలిస్తే అదే కెరటము చెదిరి పనికిరాకుండా పోతుంది. పోటు సంగతి మరీ వింత. మనకు పోటు వేళ చంద్రుణ్ణి బట్టి రోజూ జరుగుతూ ఉంటుంది. తహీతిలో మాత్రము పోటుమీద చంద్రుని లాగుడు దాదాపు తెలియదు, సూర్యునిదే నడుస్తుంది. కాబట్టి ఏడాది పొడుగునా ఇంచుమించు మధ్యాహ్నము పన్నెండింటికీ అర్ధరాత్రికీ పోటు. అది కూడా జానెడున్నర మించదు.

ఇవన్నీ చూచి నాలుగైదు రోజుల ముందుగా చెబితే ఆ మాట నమ్మదగినదిగా ఉంటుంది. ఎందుకంటే అది ఊహ కాదు. తుపాను జరిగిపోయింది, కెరటము అప్పటికే దారిలో ఉంది. పది పదిహేను రోజుల తరువాతి సంగతి అడిగితే మాత్రము తడబాటే, ఎందుకంటే ఆ తుపాను ఇంకా పుట్టనే లేదు.

ఒలింపిక్ పోటీవారు కూడా ఈ లెక్కకు లోబడ్డారు. 24 మంది పురుషులు, 24 మంది స్త్రీలు. పోటీకి నాలుగు రోజులు చాలు, కాని జూలై 27 నుండి ఆగస్టు 5 వరకు పది రోజులు కేటాయించారు. మధ్యలో గాలి, కెరటము అనుకూలించని దినాలలో లోకమంతా చూస్తున్నా పోటీ ఆపి, చివరి దినమైన ఆగస్టు 5న ముగించారు. పురుషులలో బంగారు పతకము గెలిచినవాడు కౌలీ వాస్త్ అనే 22 ఏళ్ళ తహీతి యువకుడు. చిన్నతనము నుండి ఆ కెరటమును ఎరిగినవాడు. స్త్రీలలో అమెరికా దేశపు కరోలిన్ మార్క్స్ గెలిచింది.

మన తీరమునకు వస్తే

ఇప్పుడు ఆ దుఃఖపు ఇంటి సంగతి చెబుతాను. కొన్నేళ్ళ క్రిందట, వేసవి మొదట్లో, మా సంఘపు సహోదరుడొకడు తెల్లవారుజామున పడవ మీద మొగ దాటుతూ పోయాడు. ఏరు సముద్రములో కలిసే చోటును మావారు మొగ అంటారు. ఆ దినము గాలి లేదు. ఆకాశము అద్దములా ఉంది. ఒడ్డున ఉన్న పెద్ద సరంగు చెప్పిన దాని ప్రకారము, చాలాసేపు నీరు కదలలేదు, ఆ తరువాత మూడు పెద్ద కెరటాలు ఎడము ఎడముగా, నిదానముగా వచ్చాయి. రెండవదానికే పడవ తిరగబడింది.

మూడవ దినమున నేను ఆ ఇంటికి వెళ్ళాను. ఆ సహోదరి ఏడవడము మానివేసి గోడకు ఆనుకొని కూర్చుని ఉంది.

"అయ్యగారూ, గాలి లేదు, వాన లేదు. అందరి పడవలూ వెళ్ళాయి. మా ఆయన పడవ ఒక్కటే ఎందుకు తిరగబడింది? మేమేదో పాపము చేశామని, దశమభాగము ఇవ్వలేదని, అందుకే దేవుడు కొట్టాడని మావాళ్ళే అంటున్నారు. నిజమేనా అయ్యగారూ?"

"కాదమ్మా" అని ఆ దినమే చెప్పాను. లూకా 13వ అధ్యాయము తీసి చదివాను. సిలోయములో గోపురము కూలి 18 మంది చనిపోయారు. వారు యెరూషలేములో ఉన్న మిగిలినవారందరికంటె ఎక్కువ పాపులని అనుకొనవద్దని ప్రభువే స్పష్టముగా చెప్పాడు. అది ఆమెకు కొంత ఆదరణ అయింది. కాని "మరి గాలి లేకుండా ఆ కెరటము ఎక్కడిది?" అనే మాట ఆమె కళ్ళలో అలాగే ఉండిపోయింది.

తహీతి సంగతి తెలుసుకొన్న తరువాత ఆ ప్రశ్నకు కూడా జవాబు చెప్పగలిగాను. హిందూ మహాసముద్రపు దక్షిణ భాగములో పుట్టిన దూరపు కెరటాలు అలాగే మన బంగాళాఖాతములోనికి, అరేబియా సముద్రములోనికి వస్తాయి. కేరళ జాలరులు వాటిని కళ్ళక్కడల్ అంటారు. దొంగ సముద్రము అని దాని అర్థము. చెప్పకుండా వచ్చేది గనుక ఆ పేరు. 2024 మార్చి 31న కేరళ తీరములో తుపాను లేకుండానే సముద్రము ఇళ్ళలోనికి వచ్చింది. ఎక్కడో దక్షిణాన రోజుల క్రిందట లేచిన తుపాను దానికి కారణము.

ఆ సహోదరిని కూర్చోబెట్టి పలక మీద బొమ్మ గీసి చెప్పాను. "అమ్మా, ఆ కెరటము నీ ఇంటి పేరు తెలుసుకొని రాలేదు. నీవు కానుక వేశావో లేదో అది ఎరుగదు. మీ ఆయన వలలు సర్దుకొనడానికి ఎన్నో దినాల ముందే అది బయలుదేరింది. మీ ఆయన ఆ ఘడియలో మొగలో ఉన్నాడు, అంతే." ఆమె చాలాసేపు ఆ బొమ్మ చూసింది. "ఈ బొమ్మ మా అత్తకు కూడా చూపించండి అయ్యగారూ" అంది. ఆ మాట విన్నప్పుడు ఆ నింద ఆ ఇంట్లో ఎంత బరువుగా ఉండేదో నాకు అర్థమైంది.

పౌలు మాట వినని ఓడ

కారణము తెలిస్తే నింద పోతుంది. అంతే కాదు, జాగ్రత్త కూడా వస్తుంది. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో పౌలు ముందుగానే హెచ్చరించాడు, ఈ ప్రయాణములో నష్టమున్నదని. శతాధిపతి ఆ మాట కంటె ఓడవారి మాటను నమ్మాడు. దక్షిణము నుండి మెత్తని గాలి వీచేసరికి అందరూ తమ పని నెరవేరిందనుకొన్నారు. ఆ మెత్తని గాలియే వారిని మోసగించింది. తరువాత అనేక దినములు సూర్యుడు, నక్షత్రములు కనబడలేదు. దేవుడు కృప చూపి 276 మందిని ఒడ్డుకు చేర్చాడు. కాని ఆ కృపను చూచి హెచ్చరిక అనవసరమని ఎవరూ అనకూడదు. హెచ్చరిక కూడా ఆయన కృపయే.

మనకు ఆ హెచ్చరిక చెప్పేవారు ఉన్నారు. హైదరాబాదులో 1999 నుండి ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రము పనిచేస్తోంది. సముద్రము లేని ఊరిలో కూర్చుని వారు దూరపు కెరటాలను కనిపెట్టి తీరమునకు కబురు పంపుతారు. "ఎండ కాస్తుంటే ఈ కబురేమిటి" అని కొందరు నవ్వుతారు. ప్రియులారా, నవ్వవద్దు. ఎండ కాస్తున్నది మన ఊరిలో. తుపాను జరిగింది వేరొక చోట.

తీరములో ఉన్నవారు కబురులో ఎత్తునే కాక సెకండ్లను కూడా అడిగి తెలుసుకొనండి. మొగ దాటే ముందు కాసేపు ఆగి గుంపును లెక్కించండి. లోపలి ఊళ్ళ నుండి పిల్లలతో సముద్ర స్నానమునకు వచ్చే కుటుంబములారా, దిగకముందు కనీసము పావుగంట ఒడ్డున నిలబడి చూడండి. దూరపు కెరటాలు గుంపులు గుంపులుగా వస్తాయి. గుంపునకు గుంపునకు నడుమ నీరు ఏమీ ఎరుగనట్లు పడి ఉంటుంది. ఆ నిశ్శబ్దములోనే పిల్లలు లోపలికి నడుస్తారు.

మా సంఘములో ఇప్పుడు ఆదివారపు ప్రకటనలలో పెండ్లి ప్రకటనల తరువాత ఆ వారపు కెరటాల కబురు కూడా చదువుతున్నాము. చదివేది యౌవనస్థులే. ఇదేమి ఆరాధన అని మొదట ఒకరిద్దరు అడిగారు. పొరుగువాని ప్రాణమును కాపాడే మాట దేవుని మందిరములో పలకడానికి తగనిది కాదని పెద్దలు తీర్మానించారు.

ప్రియ చదువరీ, మీ పొరుగింట ఆపద వచ్చినప్పుడు "వీరేమి పాపము చేశారో" అనే మాట నోటికి వస్తే ఆపుకొనండి. మన కంటికి కనబడని చోట పుట్టిన సంగతులు ఎన్నో ఉన్నాయి. ఆపదలో ఉన్నవారికి నింద కాక చెయ్యి అందించడమును, క్షేమముగా ఉన్న దినమున హెచ్చరికను వినే చెవిని, సముద్రమునకు మేర నియమించిన దేవుడు మన సంఘములన్నిటికి అనుగ్రహించును గాక. ఆమేన్.